వడ్డన లేని విందు

కనుమనాడు మా పెరట్లో పొడుగాటి బల్లమీద అరిటాకులు పరిచి, మధ్యన రొయ్యలూ పీతలూ దుంపలూ కుప్పగా కుమ్మరించగానే మా బావగారు అటూ ఇటూ చూసి, "ఇప్పుడిది ఎవరు వడ్డిస్తారు?" అని అడిగారు. ఎవరూ వడ్డించరండీ అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. డెబ్భై ఆరేళ్ళ మనిషి, బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఒకరు వడ్డించకుండా భోంచేసి ఎరగరు. అందులో ఆయన తప్పేమీ లేదు లెండి. మా యింట్లో ఏ మగవాడూ ఎరగడు.

ఈ వంట మాది కాదు, అమెరికాలో లూసియానా రాష్ట్రపువాళ్ళది. 2023లో మా అమ్మాయి రెండో పురిటికని మేమిద్దరం లఫాయెట్ అనే ఊరు వెళ్ళి నాలుగు నెలలున్నాం. హ్యూస్టన్‌లో విమానం దిగి మూడున్నర గంటలు కారులో వెళ్ళాలి. దారిలో క్రౌలీ అనే చోట రోడ్డుకు రెండు ప్రక్కలా నీళ్ళు నిలిచిన పొలాలు కనిపించాయి. మా వారు కిటికీలోంచి చూసి, "ఇదేమిటే, మళ్ళీ యానాం వచ్చేశామా?" అన్నారు. చూడబోతే అచ్చం మన రొయ్యల చెరువులే. నీళ్ళలోంచి వరసగా వలబుట్టల మూతులు పైకి కనిపిస్తున్నాయి. అల్లుడు చెప్పాడు, అవి వరిపొలాలేనట. వేసవిలో వరి కోసేశాక, అక్టోబరు ప్రాంతంలో ఆ పొలాలకే మళ్ళీ నీరు పెడతారు. మట్టిలో బొరియలు చేసుకుని దాక్కున్న క్రాఫిష్‌లు పిల్లలతో సహా బయటికొస్తాయి. కుళ్ళిన వరిదుబ్బులతోనే వాటి మేత. చలికాలం నుంచి వేసవి మొదటిదాకా వాటిని పట్టుకుంటారు. మంచినీటి జీవి గనుక నేలకు ఉప్పు పట్టదు. మన వైపు వరిచేలు తవ్వి ఉప్పునీటి చెరువులు చేశాక ప్రక్క చేను ఏమైందో చూసినదాన్ని కనుక, ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది.

క్రాఫిష్ అంటే రొయ్యకూ పీతకూ మధ్యస్థంగా ఉంటుంది. వేలెడంత ఒళ్ళు, ముందు రెండు కొండీలు. ఇంత తలకాయ, చిటికెడు మాంసం. తలా పెంకూ పోగా ఏడోవంతు మిగిలితే గొప్ప. అందుకే వాళ్ళు వాటిని బస్తాలతో కొంటారు. బస్తాకు సుమారు పదహారు కిలోలుంటుంది. ఒక్కో మనిషి తేలిగ్గా రెండు కిలోలు వలుచుకు తింటాడు.

అమ్మాయి ప్రక్కింట్లో ఒక వృద్ధ దంపతులున్నారు, కేజన్లు. వాళ్ళ పూర్వులు ఫ్రాన్సు నుంచి వచ్చి 1604 మొదలుకొని కెనడా తూర్పుతీరాన అకాడియా అనే ప్రాంతంలో స్థిరపడ్డారు. 1755లో ఇంగ్లీషువాళ్ళు వాళ్ళ ఊళ్ళు ఖాళీ చేయించి, ఓడలెక్కించి, తలోదిక్కుకీ తరిమేశారు. చెదిరిపోయినవాళ్ళలో కొందరు 1760లలోనూ ఆ తరువాతా లూసియానా చేరారు. అకాడియన్ అన్న మాటే నోట్లో అరిగి అరిగి కేజన్ అయింది.

మాదీ ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరేననీ, 1954 దాకా యానాంలో వాళ్ళ జెండాయే ఎగిరిందనీ, మా మామగారు ఫ్రెంచి బడిలో చదువుకున్నారనీ అమ్మాయి చెప్పగానే ఆ పెద్దాయన కుర్చీలోంచి లేచి నాతో గబగబా ఫ్రెంచి మాట్లాడటం మొదలుపెట్టారు. నాకొచ్చిన ఫ్రెంచి రెండు ముక్కలు, బొంజూర్, మెర్సీ. రెండూ వాడేశాను. ఆయన నవ్వి, తన పిల్లలకు ఆ రెండు కూడా రావన్నారు. 1921లో ఆ రాష్ట్రపు రాజ్యాంగం బడుల్లో ఇంగ్లీషు తప్ప మరో బోధనాభాష ఉండకూడదంది. ఫ్రెంచి మాట్లాడిన పిల్లలకు శిక్షలుండేవి. ఆ దెబ్బలు తిన్నవాళ్ళు తమ పిల్లలకైనా తప్పాలని ఇంట్లో కూడా మానేశారు. 1968లో ప్రభుత్వమే ఒక సంస్థను పెట్టి ఫ్రెంచిని మళ్ళీ నేర్పించడం మొదలుపెట్టిందిగాని, మధ్యలో పోయిన తరం పోయింది. ఆయన నాలుగేళ్ళ మనవడికి ఫ్రెంచిలో ఒకటి రెండు లెక్కపెట్టడం రాదు, క్రాఫిష్ వలవడం మాత్రం వచ్చు. హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపురంలోనో కూర్చుని ఇది చదివేవారికి నేను వేరే చెప్పనక్కర్లేదు. గోంగూర పచ్చడి మిగిలి, గుణింతాలు పోయిన ఇళ్ళు నాకూ తెలుసు.

ఏప్రిల్ 7న గుడ్ ఫ్రైడే వచ్చింది. కేథలిక్కులు ఆ రోజు మాంసం ముట్టరు, నీటి జీవాలకు అడ్డులేదు. ఆ సీమలో చాలా ఇళ్ళలో ఆ రోజున క్రాఫిష్ ఉడకబెడతారు. మమ్మల్నీ పిలిచారు. నేను అలవాటు ప్రకారం ఒక గంట ముందే వెళ్ళి, ఏమైనా సాయం చెయ్యనా అని ఆవిడ కోసం వంటింట్లోకి తొంగిచూశాను. వంటిల్లు ఖాళీ. ఆవిడ పెరట్లో చెట్టుకింద కుర్చీలో కూర్చుని ఉంది! పెద్దాయనా కొడుకూ నిక్కర్లు వేసుకుని గ్యాసు పొయ్యిమీద ఇంత అల్యూమినియం గుండిగ పెట్టి వంట చేస్తున్నారు. ఆ వంట ఎక్కువగా మగవాళ్ళదేనట అక్కడ.

వాళ్ళు చేసిన విధం చెబుతాను. బస్తా విప్పి తొట్టెలో పోసి నీళ్ళు తేటపడేదాకా నాలుగైదుసార్లు కడిగారు. చచ్చినవి ఏరి పారేశారు. గుండిగలో నీళ్ళు మరుగుతుండగా ఉప్పు, కారం, సగానికి కోసిన నిమ్మకాయలు, ఉల్లిపాయలు, విడదియ్యని వెల్లుల్లిపాయలు వేశారు. ధనియాలు, ఆవాలు, లవంగాలు, బిర్యానీ ఆకు, సోయకూర గింజలు కట్టిన చిన్న గుడ్డమూట ఒకటి అందులో పడేశారు. ఇవన్నీ దాదాపు మన వంటింట్లో దొరికేవే! అయితే వేయించడం లేదు, దంచడం లేదు, నూనెచుక్క లేదు. ముందు చిన్న ఎర్ర బంగాళాదుంపలు, అవి సగం ఉడికాక క్రాఫిష్. మామూలు రోజుల్లో సాసేజి ముక్కలు కూడా వేస్తారట, ఆ రోజు మానేశారు. నీళ్ళు మళ్ళీ తెర్లాక మూడు నాలుగు నిమిషాలు, అంతే, పొయ్యి ఆపేశారు. అప్పుడు గడ్డకట్టిన మొక్కజొన్న కండెలు వేసి వేడి తగ్గించి, మూతపెట్టి అరగంట అలా వదిలేశారు.

ఈ వదిలెయ్యడమే అసలు వంట అన్నారాయన. తెర్లుతున్నప్పుడు కారం పైపైనే ఉంటుంది. వేడి తగ్గుతూ ఉంటే క్రాఫిష్‌లు అడుక్కు దిగి ఆ రసం లోపలికి లాగుతాయి. అల్లుడు తర్జుమా చేస్తుంటే, "ఊరబెట్టడం అని ఒక్కముక్కలో చెప్పొచ్చుగా నాయనా" అన్నాను.

తరువాత బల్లమీద పాత వార్తాపత్రికలు పరిచి, గుండిగలోని చిల్లుల బుట్టను ఇద్దరు పట్టుకొచ్చి ఒక్కసారిగా కుమ్మరించారు. ఎర్రటి కుప్ప, పైన పొగలు. కంచాల్లేవు, గరిటెల్లేవు. అందరూ చుట్టూ చేరారు. వండినాయన, కూర్చున్నావిడ, పసిపిల్లని ఎత్తుకున్న మా అమ్మాయి, అందరూ ఒకేసారి. నేను రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని బల్ల దగ్గరికి లాగి, ఒక క్రాఫిష్ చేతిలో పెట్టి, తల మెలితిప్పి తోక నొక్కితే మాంసం ఎలా ఊడివస్తుందో చూపించింది. తలలో పచ్చగా ఉండే కొవ్వును పీల్చమంది. వేళ్ళు కాలాయి, నోరు కాలింది. ముప్ఫై, నలభై తిన్నాక నాకు తట్టింది, నలుగురు తినే రోజున నేను వేడివేడిగా తినడం ఇదే మొదలని.

మా అత్తవారిది పెద్ద సంసారం. నేను కాపురానికొచ్చేసరికి పధ్నాలుగు మంది. చేపైనా రొయ్యైనా ముందు మగవాళ్ళకు, తరువాత పిల్లలకు, ఆపైన అత్తగారికి, చివరికి నాకూ మా తోటికోడలికీ. అక్క నాకంటె ఏడేళ్ళు పెద్దది. మేమిద్దరం ఎదురెదురుగా కూర్చునేసరికి మూడయ్యేది. అప్పటికి చల్లారిన పులుసూ, తోకముక్కా. ఏడవలేదు, ఎవరినీ అనలేదు. అందరిళ్ళలోనూ అంతే అనుకున్నాం.

1985 ఆగస్టులో ఒకరోజు మామగారు పులస తెచ్చారు. గోదారికి ఎర్రనీరు వచ్చాక సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే చేప. దాని ధర సంగతి, పుస్తెలమ్మే సామెత సంగతి మీకు తెలిసిందే. అక్క వండింది, నేను వడ్డించాను. వడ్డిస్తూ వడ్డిస్తూ నడుంముక్క ఒకటి చిన్న గిన్నెలో వేసి ఉప్పుజాడీ వెనకాల పెట్టాను. అక్క లెక్కపెట్టి కోసిన మనిషి. మూడింటికి కూర్చున్నాక, "ఒక ముక్క ఉండాలే" అంది. పిల్లలు తిన్నారన్నాను. సాయంత్రం ఎవరూ లేనప్పుడు నేను తిన్నాను. మర్నాడు ఆ గిన్నె అక్క కంటబడింది. అత్తగారి ముందు "ఇంట్లో దొంగలు పడ్డారు" అంది. నేను ఊరుకోకుండా ఇంకో మాటన్నాను, అది ఇక్కడ రాయను. పాలిచ్చే తల్లిని, చంటిదాని కోసం తిన్నానని అందరితో అన్నాను. ఆ చంటిదే ఈ లఫాయెట్ అమ్మాయి. చంటిదాని కోసం కాదు. నాకే తినాలనిపించింది.

1991లో ఆస్తి పంచుకుని మధ్యన గోడ కట్టుకున్నాం. వాటాల దగ్గర మాట పట్టింపు వచ్చిందని ఊళ్ళో అనుకున్నారు. మేమిద్దరం మాత్రం గోడకు అటొకరు ఇటొకరు, పెళ్ళికీ చావుకీ తప్ప గడప తొక్కకుండా ముప్ఫై రెండేళ్ళు గడిపాం.

తిరిగొచ్చాక నవంబరులో ఒక కిలో వనామీ రొయ్యలతో ప్రయత్నం చేశాను. ఘోరంగా పాడైంది. క్రాఫిష్‌కి చేసినట్లే నాలుగు నిమిషాలు తెర్లించి అరగంట మూతపెట్టాను. రొయ్యలు రబ్బరైపోయాయి. పెంకు మాంసానికి అతుక్కుని ఒలవడానికే రాలేదు. మా వారు ఒకటి నమిలి, "ఇది హవాయి చెప్పులోంచి తీశావా?" అన్నారు. క్రాఫిష్ పెంకు దళసరి, రొయ్యది పలచన. రొయ్యకు ఆ వేడినీళ్ళలో రెండు నిమిషాలే ఎక్కువ. నీళ్ళు కూడా చప్పగా ఉన్నాయి. పెంకులోంచి లోపలికి దిగాలంటే నోట్లో పెట్టుకోలేనంత ఉప్పూ కారం ఉండాలి. మూడోసారికి కుదిరింది.

2024 సంక్రాంతికి మా అబ్బాయీ కోడలూ, బావగారి పిల్లలూ అందరూ యానాం వచ్చారు. భోగినాడు నేనే గోడ దాటి వెళ్ళి పిలిచాను. అక్క మంచంమీద కూర్చుని మినప్పప్పు ఏరుతోంది. విషయమంతా విని, "ఒక కుప్పలోంచి అందరూ తింటే ఎంగిలి కాదూ?" అంది. అరిటాకులు వేస్తానక్కా, కుప్ప మధ్యలో, ఎవరాకు వారి ముందు, ఎడంచేత్తో తీసుకుని కుడిచేత్తో తినడమే అన్నాను. ఏమీ అనలేదు. వస్తాననీ అనలేదు.

పధ్నాలుగు మందికి నాలుగు కిలోల రొయ్యలు, పన్నెండు మండపీతలు, రెండు కిలోల చిన్న దుంపలు, పది మొక్కజొన్న కండెలు ముక్కలుగా, పది ఉల్లిపాయలు, పది వెల్లుల్లిపాయలు, పదిహేను నిమ్మకాయలు తెప్పించాను. పీతలు కొట్టి శుభ్రం చేయించాను. పెళ్ళి సామాన్ల కొట్టులోంచి గుండిగ తెచ్చి, గాడిపొయ్యిమీద ఇరవై లీటర్ల నీళ్ళు పెట్టాం. అరకిలో పైచిలుకు ఉప్పు, పావుకిలో కారం, మసాలా మూట. సోయకూర గింజలు దొరక్కపోతే కాస్త సోంపు వేశాను. సాసేజికి బదులు ఉడికిన కోడిగుడ్లు పెంకు తీసి వేద్దామని కోడలంటే సరేనన్నాను. పొయ్యి దగ్గర మా వారూ అబ్బాయీ నిలబడ్డారు. ముందు దుంపలు, పది నిమిషాలకు పీతలు, కండెలు. పీత ఎర్రబడి పావుగంట ఉడికాక కట్టెలు లాగేసి, రొయ్యలు వేసి, అవి రంగు తిరిగి వంకర తిరగగానే మంచుగడ్డ ముక్కలు గుమ్మరించాం. అప్పుడు పావుగంట ఊరబెట్టాం. మా వాళ్ళకు తొందరెక్కువ, పదిహేను నిమిషాల్లో మూత పదిసార్లు ఎత్తారు.

మినపగారెల గిన్నె చేత్తో పట్టుకుని అక్క వచ్చింది. కనుమనాడు మినుము తినాలి కదా, అదీ వంక.

గారెలు బల్లమీద పెట్టి, అక్క గోడవారగా నిలబడింది, మగవాళ్ళు కూర్చుంటే వడ్డిద్దామన్నట్లు, కొంగు నడుముకు దోపుకుని. లఫాయెట్‌లో నేను నిలబడ్డ నిలువే అది. బావగారు వడ్డన సంగతి అడిగింది అప్పుడే. నేను అక్క మణికట్టు పట్టుకుని నా ప్రక్కన కూర్చోబెట్టాను. ఇద్దరమూ ఒకేసారి చెయ్యి పెట్టాం.

ఎడంచేతి నియమం అయిదు నిమిషాలు కూడా నిలవలేదు. పీత కాలు విరవాలంటే రెండు చేతులూ కావాలని నాకు ముందు తోచలేదు. అందరి చేతులూ మోచేతులదాకా కారం. పిల్లలు పెద్దల ముందున్నవి లాక్కుంటున్నారు. బావగారికి రొయ్య వలవడం రాదని ఆ రోజే అందరికీ తెలిసింది! డెబ్భై ఆరేళ్ళుగా వలిచినవే తిన్నారు పాపం. మనవరాలు నేర్పింది. తిన్నంతసేపూ తిని, "అన్నం ఏదీ?" అన్నారు. ఎవరూ లేవలేదు. మా వారు లేచి లోపలికి వెళ్ళి అన్నం గిన్నె, రసం తెచ్చి అన్నగారికి తానే వేశారు.

అక్క మాటాడకుండా తింటోంది. తినే మనిషేనని నాకు తెలుసుగాని, అంత ఇష్టంగా తినగా ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడు చూస్తాను, ఇద్దరం పళ్ళెంలో మిగిలిందే కదా తిన్నాం. ఒక మండపీత కొండి పగలగొట్టి, లోపలి తెల్లటి ముక్క విరగకుండా లాగి నా ఆకులో పెట్టింది. తలెత్తకుండానే అడిగింది:

"ఆ పులస ముక్క చంటిదాని కోసం కాదు కదూ?"

"కాదక్కా. నేనే తిన్నాను."

"తెలుసులే" అంది. ఇంకో రొయ్య వలిచాక మెల్లిగా అంది, "జన అంతా నేను వండుతున్నప్పుడే తినేశాను. నువ్వు ముక్కలు లెక్కపెట్టుకున్నావుగాని జన సంగతి అడగలేదు."

నిజమే. ఆ చేపకు జన ఉందన్న సంగతే ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నాకు తట్టలేదు.

పెంకులన్నీ కొబ్బరిచెట్టు మొదట్లో పూడ్చాం. పిల్లులు రాత్రంతా తవ్వాయి. మిగిలిన దుంపలు మర్నాడు అక్క వేపుడు చేసి గోడమీంచి అందించింది, ఉప్పు కాస్త ఎక్కువైందనీ, ఈసారి నీళ్ళు తనకు రుచి చూపించి మరీ రొయ్యలు వెయ్యమనీ చెప్పింది.